గట్టు గొడవ ఉన్న ఇంటికి జావ తీసుకెళ్లాలా?

ప్రశ్న: అక్కా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా శెనక్కాయ చేనుకు ఆనుకునే మా ఆయన చిన్నాన్న కొడుకు చేను ఉంది. గట్టు జరిపారని గొడవై మూడేళ్లుగా రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఇప్పుడు ఆయన భార్యకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదు. "ప్రేమించమన్నాడు కదా ప్రభువు, పోయి అన్నం పెట్టిరా" అంటుంది మా పాస్టరమ్మ. మా ఆయన ఒప్పుకోవడం లేదు. నాకైతే ఆమె మీద ప్రేమే లేదు. లేని ప్రేమ నటించడం పాపం కాదా? రాత్రుళ్లు ఇదే టెన్షన్.
— ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు: చెల్లీ, ప్రేమ లేదని దాచకుండా రాశావు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

"నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అన్న మాటను కేలండర్ల మీద చూసి చూసి, అది ఎక్కడిదో మరిచిపోయాం. యేసు ప్రభువు ఎత్తి చెప్పిన ఆ మాట లేవీయకాండము 19:18లోది. పగ తీర్చుకోవద్దు, నీ వాళ్ల మీద కోపం ఉంచుకోవద్దు అని మొదలుపెట్టి, ఆ తర్వాతే ప్రేమించమంటుంది. కడుపులో మంట ఉన్నవాళ్లకు చెప్పిన మాట అది. నిర్గమకాండము 23:5 కూడా చదువు. నిన్ను ద్వేషించేవాడి గాడిద బరువు కింద పడి ఉంటే చూసి దాటిపోవద్దు, అతనితో కలిసి దాన్ని లేపు అంటుంది. అప్పుడు నీ మనసులో ఏముందని దేవుడు అడగలేదు.

నేను జమ్మలమడుగు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. ఒక ఎండాకాలం షుగర్ పుండుతో కాలు కుళ్లిన పెద్దాయన్ని నా వార్డులో చేర్చారు. కేస్ షీట్ మీద పేరు చూడగానే చేతులు చల్లబడ్డాయి. అప్పు తీర్చలేదని మా కళ్లంలోంచే కాయ మూటలు ఎత్తుకుపోయిన మనిషి. ఆ రోజు మా నాన్న తలగుడ్డ తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు.

డ్యూటీ మార్చుకుందామంటే వేరే నర్సు లేదు. కట్టు విప్పి, సెలైన్‌తో కడిగి, మళ్లీ కట్టాను. ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ప్రార్థన చేద్దామన్నా రాలేదు. రోజూ అంతే. రెండో వారంలో ఒక పొద్దున "రాత్రి నిద్ర పట్టిందా?" అని నా నోట్లోంచి వచ్చింది. ఆ మాట విని నేనే ఆగిపోయాను. ఆయన మా నాన్న సంగతి ఎత్తలేదు, క్షమించమనీ అడగలేదు. రెండు వేళ్లు పోగొట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మొదటి రోజు నేను నటించానా అని చాలాసార్లు ఆలోచించాను. లేదు చెల్లీ, పుండు కడిగాను, అంతే.

గట్టు సంగతి వేరు. ప్రేమ పేరు చెప్పి మీ సాళ్లు వదులుకోమని నేను అనను. అదే లేవీయకాండము 19లో 17వ వచనం, పొరుగువాడు తప్పు చేస్తే గద్దించమంటుంది. సర్వేయర్‌తో కొలిపించుకోవాలంటే కొలిపించుకోండి. పౌలు కూడా రోమా 12:18లో "మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్నాడు. అవతలివాళ్ల వంతు నీ చేతిలో లేదు. ఈ మాట మీ ఆయనకు చదివి వినిపించు. చెప్పకుండా చాటుగా మాత్రం వెళ్లొద్దు.

ముందు డాక్టర్ ఏం తినమన్నారో కనుక్కో. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు ఊరుబిండి, కారం వద్దు. రాగి జావ, మెత్తటి అన్నం, పెసరకట్టు చాలు. నీళ్ల బిందె ఆమెను ఎత్తనివ్వకు, నువ్వే పట్టిపెట్టు. బైబిల్ చంకన పెట్టుకుని వెళ్లొద్దు. మంచం మీద నుంచి లేవలేని మనిషికి ప్రసంగం చెప్పడం నాకు నచ్చదు. గట్టు మాట అసలే ఎత్తొద్దు. ముఖం తిప్పుకుంటే డబ్బా అక్కడ పెట్టి వచ్చేయ్, మర్నాడు మళ్లీ వెళ్లు. డబ్బా తిరిగి ఇవ్వకపోతే అడగకు, ఇంకోదాంట్లో పోసుకెళ్లు.