రైస్ మిల్లులో టాలీ తీసేసి ఈఆర్‌పీనెక్స్ట్ పెట్టొచ్చా?

అడిగింది: మిర్యాలగూడ దగ్గర మిల్లు, ప్రైవేట్ లిమిటెడ్. ఈఆర్‌పీనెక్స్ట్ (లెక్కలు, స్టాకు, తయారీ అన్నీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్) ఓపెన్ సోర్సు, అంటే కోడ్ అందరికీ ఉచితంగా దొరుకుతది కాబట్టి లైసెన్సు పైసలు ఉండవు, మారదామని మేనేజర్ అంటున్నడు. మారాలా?

మారొచ్చు, అన్నా. కానీ లైసెన్సు పైసలు మిగులుతాయన్న ఒక్క లెక్కతో మాత్రం మారకండి. రాత్రి పదకొండింటికి కాంటా ముందు లారీలు ఆగి, స్క్రీన్ తెరుచుకోకపోతే మీ ఫోన్ ఎవరు ఎత్తుతారు? ఆ మనిషి, ఏడాదికి అతనికిచ్చే మొత్తం కాగితం మీదికి వచ్చాకే అసలు ఖర్చు తెలుస్తది. మీకోసం రాసిన కోడ్ అతని లాప్‌టాప్‌లో కాదు, మీ పేరున్న ఖాతాలో ఉండాలి. ఈఆర్‌పీనెక్స్ట్ లైసెన్సు జీపీఎల్ (ఒక ఓపెన్ సోర్సు లైసెన్సు) మూడో వెర్షన్: మిల్లులోపల ఎంత మార్చుకున్నా ఎవరికీ చూపక్కర్లేదు, ఇంకో మిల్లుకు అమ్మితే మాత్రం కోడ్ కూడా ఇవ్వాలి.

ముందు ఒక్క లాటుతో పరీక్షించండి. ఈఆర్‌పీలో బీఓఎం (తయారీకి కావాల్సిన సరుకుల పట్టిక) అంటే నాలుగు సరుకులు కలిపి ఒకటి తయారుచేయడం. మిల్లులో తలకిందులు: వడ్లు ఒకటే, వచ్చేవి బియ్యం, నూకలు, తవుడు, ఊక. సీఎంఆర్ (సర్కారు వడ్లు ఆడించి బియ్యం తిరిగివ్వడం) కింద క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడైతే 68 అప్పజెప్పాలి. బియ్యాన్ని అసలు సరుకుగా పెట్టి మిగతావి స్క్రాప్ పట్టికలో ధరతో ఎక్కించండి. తవుడు ధర సున్నా అని వదిలేస్తే ఆ ఖర్చంతా బియ్యం మీద పడి, లాభమున్న లాటు కూడా నష్టంగా కనిపిస్తది.

తేమ, తాలు, తరుగు గడులు ఈఆర్‌పీనెక్స్ట్‌లో రెడీగా ఉండవు, రాయించుకోవాలి. వాటిని విడి యాప్‌గానే రాయించండి. అసలు కోడ్‌లో వేలు పెడితే తర్వాతి అప్‌డేట్‌లో చిక్కులొస్తాయి, ఆ భయంతో అప్‌డేట్లే మానేస్తారు.

జీఎస్టీ, ఈ-వే బిల్లులకు ఇండియా కంప్లయన్స్ అనే యాప్ ఉంది, అదీ ఓపెన్ సోర్సే. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రయల్ (పద్దులో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చెప్పే రికార్డు) తప్పనిసరి కాబట్టి మొదటి రోజే దాన్ని ఆన్ చేయండి. అంతకన్నా ముందు మీ సీఏను అడగండి. ఆయన టాలీ డేటానే కావాలంటే పద్దులు టాలీలో ఉంచి, కాంటా, లాట్లు, స్టాకు మాత్రం ఈఆర్‌పీనెక్స్ట్‌లో పెట్టుకోండి. సగం మారడం తప్పేం కాదు, చాలా మిల్లులకు అదే నయం.

అందరూ ఏప్రిల్ 1 ముహూర్తం పెడతారు. మనకు అప్పుడే యాసంగి వడ్లు దిగుతాయి. కాంటా, స్టాకు ఆగస్టులో మొదలుపెట్టి, నెలరోజులు పాత పుస్తకంతో పక్కపక్కన సరిచూడండి. పద్దులు మారిస్తే మాత్రం ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్‌లోనే.

బ్యాకప్ మామూలుగా అదే సర్వర్‌లో పడుతది, డిస్క్ పోతే రెండూ పోతాయి. రోజూ వేరే చోటికి కాపీ కావాలి. అటాచ్ చేసిన కాంటా చిట్టీలు కూడా రావాలంటే ఫైళ్లతో సహా తీయాలి, సైట్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైలులోని ఎన్‌క్రిప్షన్ కీ కూడా దాచాలి. కీ లేకుండా డేటా తిరిగొచ్చినా, అందులో దాచిన పాస్‌వర్డ్‌లు తెరుచుకోవు. మూడు నెలలకోసారి ఖాళీ సిస్టం మీద రిస్టోర్ చేయించి, నిన్నటి ఆఖరి కాంటా చిట్టీ కనిపిస్తుందో లేదో మీరే చూడండి.