బావగారి డ్రాయరులో 24 మాటలు

"అన్నయ్యా, మా బావగారు పోయి నెలన్నర అయింది. టెక్సాస్‌లోని ప్లేనోలో అక్క, ఇద్దరు పిల్లలు. విల్లు రాయలేదు. ఆయన టేబుల్ డ్రాయరులో పెన్‌డ్రైవ్ లాంటిదొకటి, ఏదో బిల్లు వెనక పెన్సిల్‌తో రాసిన 24 ఇంగ్లిష్ మాటలు దొరికాయి. కాయిన్‌బేస్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో కూడా బిట్‌కాయిన్ ఉందని ఆయన ఫ్రెండ్ అంటున్నాడు. పాస్‌వర్డ్ అక్కకి తెలుసు. లాగిన్ అయి నా ఖాతాలోకి మార్చేయనా?"

మార్చకు తమ్ముడూ. కారణం చెప్తాను గానీ, ముందు ఆ కాగితం సంగతి చూడు.

అసలు సొత్తు ఆ 24 మాటలే, బిట్‌కాయిన్‌కి తాళంచెవి లాంటివి అవి. పెన్‌డ్రైవ్ లాంటిది లెడ్జర్ (క్రిప్టో తాళాలు దాచుకునే పరికరం) అయ్యుంటే, పిన్ మూడుసార్లు తప్పు కొడితే మొత్తం చెరిగిపోతుంది. చెరిగినా ఫరవాలేదు, మాటలు వరస తప్పకుండా ఉంటే కొత్త పరికరంలో అన్నీ తిరిగొస్తాయి. అందుకని పిల్లల పుట్టినరోజులు, పెళ్ళిరోజు కొట్టి చూసే పని పెట్టుకోవద్దు. కాగితాన్ని ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు. పెన్సిల్ రాత మాసిపోతుంది కాబట్టి అక్కచేత పెన్నుతో ఇంకో కాపీ రాయించి, ఒకటి బ్యాంకు లాకర్లో పెట్టించు. ఆ మాటలు ఎక్కించాల్సి వచ్చినా పరికరం మీదే ఎక్కించాలి, కంప్యూటర్లో ఎక్కడా టైపు చేయకూడదు. ఎక్కించాక ఖాళీగా కనిపిస్తే కంగారుపడకండి, పైన ఇంకో రహస్య పదం కూడా పెట్టుకునే వీలుంది. ఆయన కాగితాలు మళ్ళీ వెతకండి.

చావు కబురు ఆన్‌లైన్‌లో పడితే చాలు, "పోయిన కాయిన్లు తెచ్చిపెడతాం" అంటూ మెసేజ్‌లు మొదలవుతాయి. ఆ మాటలు అడిగినవాడు ఎవడైనా దొంగే, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఇంకోటి, ఆయన ఫోన్ లైను తీసేయకండి. మా స్నేహితుడు పోయినప్పుడు నెలకి నలభై డాలర్లు దండగని నేనే దగ్గరుండి లైను తీయించాను. ఈమెయిల్ తెరవడానికి కోడ్ ఆ నంబరుకే వస్తుందని తట్టలేదు. కొన్నాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరో స్పానిష్‌లో పలికారు. ఇప్పటికీ వాళ్ళావిడ ముందు ఆ మాటెత్తాలంటే నాకు సిగ్గు.

ఇప్పుడు లాగిన్ సంగతి. పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన సొమ్ము మనదైపోదు. టెక్సాస్‌లో పెళ్ళయ్యాక సంపాదించింది భార్యాభర్తలిద్దరిదీ. పిల్లలిద్దరూ వాళ్ళిద్దరి పిల్లలే కాబట్టి, విల్లు లేకపోయినా ఆయన సగం కూడా అక్కకే వస్తుంది. పెళ్ళికి ముందు కొన్నది మాత్రం వేరు, అందులో అక్కకి మూడో వంతు, మిగతాది పిల్లలకి. అలాంటిది నీ ఖాతాలోకి వస్తే రేపు నువ్వు ఎవరెవరికి సంజాయిషీ చెప్పుకోవాలో ఆలోచించు.

కాయిన్‌బేస్‌కి మరణ వార్త చెప్పి, సరైన దారిలోనే వెళ్ళండి. డెత్ సర్టిఫికెట్, కోర్టు కాగితం, అక్క ఐడీ అడుగుతారు. సర్టిఫికెట్లు ఓ పది తీసుకోండి. ఇల్లు లాంటివి తీసేయగా ఆస్తి 75,000 డాలర్లు మించకపోతే, పోయి 30 రోజులు దాటాక స్మాల్ ఎస్టేట్ అఫిడవిట్ (చిన్న ఆస్తులకి కోర్టులో వేసే ప్రమాణపత్రం) వేయొచ్చు. మించితే లాయర్ని పెట్టుకుని వారసులెవరో కోర్టుచేత తేల్చించాలి. అందులో పీనాసితనం వద్దు.

పన్ను దగ్గర అక్కకి నిజంగా కలిసొచ్చేది ఒకటుంది. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2014 నుంచీ క్రిప్టోని ఆస్తిగానే చూస్తోంది. వారసత్వంగా వచ్చిన ఆస్తికి కొన్న ధర కాదు, పోయిన రోజు ధర లెక్క. 2017లో 4,000కి కొన్న బిట్‌కాయిన్ ఆయన పోయిన రోజు 70,000 ఉందనుకో, అక్క 72,000కి అమ్మితే లాభం 2,000 మాత్రమే. వారానికే అమ్మినా దీర్ఘకాలిక లాభమే. ఉమ్మడి ఆస్తి గనక అక్క సగానికీ ఇదే ధర పడుతుంది. ఎక్కువకి కొని, తక్కువ ఉన్నప్పుడు పోతే ఆ తక్కువే లెక్కకొస్తుందనుకో, అది వేరే సంగతి. అమ్మాక ఎక్స్ఛేంజ్ పంపే పన్ను ఫారం 1099-డీఏలో ఈ ధర ఉంటుందని నమ్ముకోకుండా, ఆ రోజు ధర ఇప్పుడే ప్రింటు తీసి పెట్టి మీ పన్ను లెక్కలు చూసే సీపీఏకి ఇవ్వండి.

ఇండియా ఎక్స్ఛేంజ్‌లో కూడా ఉంటే అక్కడి లెక్క వేరు. వారసత్వం మీద పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే తీసేశారు. కానీ అమ్మితే లాభం మీద 30 శాతం, దాని మీద సెస్సు, పైగా 1 శాతం టీడీఎస్. ఒకదాంట్లో నష్టం ఇంకోదాంట్లో సర్దుకోనివ్వరు. ఇలాంటిదే ఇంకొకరు కూడా ఈ మధ్య అడిగారు కాబట్టి చెప్తున్నా: ఇండియాలో ఉన్న నాన్నగారో, బాబాయిగారో పోయి అమెరికాలో పన్ను కట్టేవాళ్ళకి ఏడాదిలో వారసత్వంగా లక్ష డాలర్లు దాటి వస్తే ఐఆర్‌ఎస్‌కి ఫారం 3520 వేయాలి. పన్ను ఏమీ లేకపోయినా, వేయనందుకు జరిమానా 25 శాతం దాకా వెళ్తుంది.

ఇక పైన చెప్పిన స్మాల్ ఎస్టేట్ అఫిడవిట్‌కి కుటుంబం తెలిసిన సాక్షులు ఇద్దరు కావాలి, ఆస్తిలో వాటా లేనివాళ్ళు. ఆ ఫ్రెండ్‌ని అడుగు. అడిగేముందు బావగారి దగ్గర ఏమైనా బదులు తీసుకున్నాడేమో అక్కని కనుక్కో.