విమానం ఊరికే ఆగదు: ఒక కొత్త రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. అంచుల్లో పెన్సిల్‌తో గీసుకున్నవి చాలానే ఉన్నాయి గానీ, ఈ ఉత్తరం రాయించింది మాత్రం ఒకే ఒక్క చోటు. “కిందికి దిగుతున్న విమానం హఠాత్తుగా ఆకాశంలో ఆగిపోయింది. నేలంటే దానికీ భయమే కాబోలు” అన్నావు. అది చదివి నాకు ఒళ్లు మండింది.

తల్లితో ఏళ్ల తరబడి మాటల్లేని కూతురు ఆమెను చూడబోతోంది. సీటు బెల్టు వదులు చేసుకుంటుంది, మళ్లీ బిగించుకుంటుంది. అది బాగా రాశావు. అంతలోనే నీకు ఉత్కంఠ అవసరమైంది. విమానం అలా ఎందుకు చేస్తుందో కనుక్కోకుండానే దాన్ని వాడేసుకున్నావు.

విమానం ఆగలేదమ్మా. దిగడం ఆపింది, అంతే. 36,000 అడుగుల ఎత్తున పోయే విమానం నేలకు చేరేలోగా రెండింటిని వదిలించుకోవాలి: ఎత్తునీ, వేగాన్నీ. నువ్వు “గర్జిస్తూ దిగింది” అని రాశావు. దిగేటప్పుడే ఇంజన్లు దాదాపు ఐడిల్‌లో, నెమ్మదిగా ఉంటాయి. అయినా వేగం తగ్గదు. తొక్కకపోయినా సైకిల్ వాలులో పరుగెత్తినట్టు, కోల్పోతున్న ఎత్తే విమానాన్ని ముందుకు తోస్తుంది. జెట్ విమానం గాలికి అడ్డం తగలకుండా జారిపోయేలా తయారైంది కనుక, దిగుతూనే వేగం కూడా తగ్గించుకోమంటే దానికి కష్టం. స్పీడ్‌బ్రేకులు, అంటే గాలికి అడ్డుపడేలా రెక్కల మీద లేచే పలకలు, ఎత్తితే కొంత తగ్గుతుంది, దాంతోపాటు క్యాబిన్ అదురుతుంది.

చాలా దేశాల్లో 10,000 అడుగుల కింద 250 నాట్స్, అంటే గంటకు 463 కిలోమీటర్లు, మించకూడదు. అందుకని 300 నాట్స్ వేగంతో వస్తున్న విమానం ఆ ఎత్తు దగ్గర ముక్కు కాస్త పైకెత్తి, ఇంచుమించు నిమిషం సేపు సమంగా పోతుంది. వేగంలో పోయింది ఆరో వంతే, గతిజ శక్తిలో, అంటే కదలిక వల్ల ఉన్న శక్తిలో, పోయింది మాత్రం దాదాపు 30 శాతం. నీ ప్రయాణికులకు ఆ క్షణాన “కడుపులో తేలిపోయినట్టు” అయిందన్నావు. ముక్కు ఎత్తేటప్పుడు ఒళ్లు కాస్త బరువెక్కుతుంది. ఆ తర్వాత ఇంకా కిందికి దిగే అనుమతి రాకపోతే, ఉన్న వేగం పడిపోకుండా ఇంజన్లు గొంతు పెంచుతాయి. నువ్వు “ఇంజన్ల చప్పుడు చచ్చిపోయింది” అని రాసిన చోట వినిపించాల్సింది ఆ హోరు.

ఆ 250 వెనుక మనుషుల ప్రాణాలున్నాయి. 1960 డిసెంబరు 16న న్యూయార్క్ మీద రెండు విమానాలు ఢీకొన్నాయి. అందులో ఒకటైన డీసీ-8 జెట్ విమానం, చక్కర్లు కొడుతూ వేచి ఉండాల్సిన చోటు దాటి, విపరీతమైన వేగంతో ముందుకు వచ్చేసింది. కింద వీధుల్లో ఉన్నవాళ్లతో కలిపి 134 మంది పోయారు. అమెరికాలో విమానాశ్రయాల దగ్గర ఈ వేగ పరిమితి ఆ తర్వాత వచ్చిందే.

కథకు ఇదంతా ఎందుకంటావేమో. నా తొలిరోజుల్లో ఒక సంపాదకుడూ ఇదే అన్నాడు. రైలు డ్రైవరు మీద కథ పంపితే, “బ్రేకుల గొడవ పాఠకుడికెందుకు, మనసు గురించి రాయండి” అంటూ ఆ పేరాలన్నీ కొట్టేసి అచ్చువేశాడు. ఆ మనిషి మనసంతా బ్రేకు మీదున్న చేతిలోనే ఉంది! ఇంటి అద్దె బాకీపడి ఉన్న రోజులు, పారితోషికం కావాలి, నోరెత్తలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పటి ఫ్యాషన్ మరొకటి: ప్రతిదీ ప్రతీకే. వాన పడితే దుఃఖం, రైలు ఆగితే జీవితం ఆగిపోవడం. వస్తువును దాని పని దాన్ని చేసుకోనివ్వరు. పని తెలియకుండా పెట్టిన ప్రతీక నా దృష్టిలో బద్ధకం. నిన్ను అందులో పడనివ్వను.

ఎందుకంటే అసలు కారణం నీ కథకు ఎంత దగ్గరగా ఉందో చూడు. పైలట్ తన ఇష్టానికి దిగలేడు, నేల మీది నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్ చెప్పిన ఎత్తు వరకే దిగాలి. అదే సమయంలో విమానాశ్రయం నుంచి మరో విమానం పైకి లేస్తూ ఉంటుంది. రెంటి దారులూ ఒకదాన్నొకటి దాటే చోట మధ్యలో కనీసం 1,000 అడుగుల ఎత్తు తేడా ఉండాలి. దిగేదాన్ని ఆపి, లేచేదాన్ని కింది నుంచి పోనిస్తారు. అంటే నీ కూతురికి కిటికీలోంచి కనబడని ఒక విమానం, ఎవరెవరినో వదిలి వెళ్తున్నవాళ్లతో, ఆమె కాళ్ల కిందుగా దాటిపోతోంది. ఆమె తల్లి దగ్గరికి చేరడం ఒక నిమిషం ఆలస్యమైంది వాళ్ల కోసం. ఇది చేతికి అందే దూరంలో ఉంటే, “నేలంటే భయం” ఎందుకమ్మా?

చివర్లో 2,000, 3,000 అడుగుల దగ్గర విమానం మళ్లీ సమంగా పోతుంది, నువ్వు దాన్నీ గమనించలేదు. రన్‌వేకి దారి చూపే 3 డిగ్రీల రేడియో వాలును, అంటే నేల మీది నుంచి వచ్చే రేడియో సంకేతం చూపే దిగుడు దారిని, మామూలుగా కింది నుంచే అందుకుంటారు, ఎందుకంటే దాని పైన మోసపుచ్చే తప్పుడు వాలులూ ఉంటాయి. రెక్కల వెనుక అంచున బయటికి జరిగే ఫ్లాప్స్ కదిలే మూలుగు, చక్రాలు దిగే దడదడ ఆ దరిదాపుల్లోనే వినిపిస్తాయి. బెల్టు బిగించుకునే ఆ చేతులను అక్కడికి తీసుకెళ్లు.

కలం పేరు, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. వాటికి ఇప్పుడు తొందరేమీ లేదు.

మరొక సంగతి. నీ కథ అర్ధరాత్రి దాటాక జరుగుతోంది. ఆకాశం ఖాళీగా ఉంటే ఇంధనం, చప్పుడు తగ్గడానికి మధ్యలో ఎక్కడా ఆపకుండా పైనుంచి ఒకే వాలులో దించడానికే చూస్తారు. నీకు ఆ దాటిపోయే విమానం కావాలంటే వేళ మార్చు. సాయంత్రం రద్దీలో పెట్టి, విమానం దిగే పేజీలన్నీ తిరగరాసి పంపు.