ఐదు నెలల పాపకి చూపు ఎలా పరీక్షిస్తారు? మెల్ల పెద్దయ్యాక అదే పోతుందా?

ప్రశ్న అడిగినావిడది బొబ్బిలి వైపు. పాపకి 5 నెలలు, కుడికన్ను అప్పుడప్పుడూ ముక్కు వైపు వెళ్తోందట. అత్తగారేమో "ఏటీ అవదు, మెల్ల అదృష్టం, పెద్దయితే అదే సర్దుకుంటాది" అంటున్నారు. మాటలే రాని పిల్లకి చూపు ఎలా చూస్తారు, దీనికోసం వైజాగ్ దాకా వెళ్ళాలా అన్నది ఆవిడ సందేహం.

అత్తగారి మాటలో సగం నిజముంది. మొదటి మూడు నెలలూ రెండు కళ్ళకీ జత సరిగ్గా కుదరదు, కాసేపు ఒకటి పక్కకి జారి మళ్ళీ వచ్చేస్తుంది. 4 నెలలు దాటాక కూడా జారుతుంటే మాత్రం చూపించాల్సిందే. ఎప్పుడూ వంకరగానే ఉండిపోతే ఆ 4 నెలలు కూడా ఆగక్కర్లేదు. ఉయ్యాలకి బొమ్మ కట్టావు కాబట్టే మెల్ల వచ్చిందని ఎవరైనా మిమ్మల్ని అంటే ఆ మాట అక్కడే వదిలేయండి, బొమ్మకీ మెల్లకీ సంబంధం లేదు.

అది నిజంగా మెల్లేనా అన్నది ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. పసిపిల్లల్లో ముక్కుదూలం వెడల్పుగా ఉండి, కంటి లోపలి మూల మీదికి చర్మం మడత పడుతుంది. దాంతో తెల్లగుడ్డు లోపలి వైపు కనపడక మెల్లలా అనిపిస్తుంది. వెలుతురు తక్కువున్న గదిలో మీటరు దూరం నుంచి ఫ్లాష్ వేసి, పాప కెమెరా కేసే చూస్తుండగా నాలుగైదు ఫొటోలు తీయండి. కళ్ళలో మెరిసే తెల్లచుక్క రెండింట్లోనూ ఒకేచోట పడితే కళ్ళు తిన్నగా ఉన్నట్టే. ఒక కంట్లో చుక్క బయటి వైపుకి పడితే ఆ కన్ను లోపలికి తిరిగినట్టు. చుక్క 1 మి.మీ. జరిగితే సుమారు 7 డిగ్రీల మెల్ల అని లెక్క. అదే ఫొటోల్లో కంటిపాప లోపలి మెరుపు కూడా చూడండి, అది రెండు కళ్ళలోనూ ఒకే రకం ఎరుపులో ఉండాలి. ఒకదాంట్లో తెల్లగా మెరిస్తే ఆ వారంలోనే డాక్టరు దగ్గర ఉండాలి, శుక్లం కావచ్చు, కంటిలోపల గడ్డ కూడా కావచ్చు. పాప పక్కకి చూస్తుంటే మంచి కంట్లో కూడా ఒక్కోసారి తెల్లమెరుపు వస్తుంది, అందుకే ఒక్క ఫొటో చూసి ఏడవద్దు. పుట్టుకతో వచ్చిన ముదురు శుక్లానికి 6 నుంచి 8 వారాల వయసులోనే ఆపరేషన్ చేస్తారు. ఏడాది నిండనీ అంటూ కూర్చుంటే ఆపరేషన్ బాగానే అవుతుంది, చూపు మాత్రం పూర్తిగా రాదు.

నన్నడిగితే మెల్ల ఉన్న పిల్లల కంటే కళ్ళు తిన్నగా ఉన్న పిల్లలతోనే ఎక్కువ భయం. మెల్ల అందరికీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఒక కంట్లో ప్లస్ 1, రెండో కంట్లో ప్లస్ 5 పవర్ ఉన్న పిల్లని చూస్తే అమ్మకి గానీ టీచరుకి గానీ ఏ అనుమానమూ రాదు. పిల్లల కంటికి ప్లస్ పవర్‌ని తనే బిగించి సర్దుకునే శక్తి ఉంటుంది, కానీ ఆ బిగింపు రెండు కళ్ళకీ కలిపి ఒకటే. తక్కువ పవరున్న కంటికి ఎంత చాలో అంతే బిగిస్తుంది, రెండోది ఎప్పుడూ మసకలోనే ఉండిపోతుంది. మసక బొమ్మ పంపే కంటిని మెదడు మెల్లగా పక్కన పెట్టేస్తుంది. లేజీ ఐ అంటారే, అది ఇదే. హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కన్ను కొన్నాళ్ళు కుట్టేసి, తర్వాత విప్పినా ఆ కంటితో మెదడు చూడలేకపోవడం గమనించారు. చూపు గురించి చేసిన పరిశోధనలకే వాళ్ళకి 1981లో నోబెల్ వచ్చింది. పిల్ల మాత్రం ఏనాడూ ఫిర్యాదు చెయ్యదు, రెండో కన్ను పని నడిపిస్తోంది కదా.

కాబట్టి ఒక కన్ను మూసి రెండోదాన్ని చూడనంత వరకూ అది పరీక్షే కాదు. 5 నెలల పిల్లకైనా ఇంతే.

ఇంట్లో ఇలా చెయ్యండి. పాలు తాగి, నిద్ర తీరి, హుషారుగా ఉన్నప్పుడు ఒకరు ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. ఎదురుగా ఇంకొకరు అర మీటరులో రంగుల బొమ్మ పట్టుకోవాలి. గిలక్కాయ వద్దు, అది ఆడించి "అదిగో చూస్తోంది" అంటే పరీక్షించింది చెవిని. వెనకనుంచి అరచేతిని ముఖానికి తగలకుండా ఒక కంటికి అడ్డుపెట్టి, బొమ్మని మెల్లగా అటూ ఇటూ కదపండి. తర్వాత రెండో కంటికి అడ్డం పెట్టండి. ఎడమకన్ను మూస్తే చెయ్యి తోసేసి ఏడ్చి, కుడికన్ను మూస్తే ఏమీ ఎరగనట్టు ఆడుకుంటోందంటే కుడికంట్లో చూపు తక్కువ అని అర్థం. చెయ్యి చర్మానికి తగిలితే ఏ కంటికైనా చిరాకు పడుతుంది, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మర్నాడు ఇంకోసారి చూసుకోండి.

ఆసుపత్రిలో టెల్లర్ కార్డులని ఉంటాయి. బూడిదరంగు అట్ట మీద ఒక పక్కన నల్ల తెల్ల చారలు, మధ్యలో చిన్న కన్నం. పసిపిల్ల ఖాళీ కంటే చారల వైపే చూస్తుంది. చారలు ఏ వైపున్నాయో పట్టుకున్నవాళ్ళకి కూడా తెలియకూడదు. కన్నంలోంచి పాప కళ్ళు ఎటు తిరిగాయో చూసి, చెప్పేశాక అట్ట తిప్పి సరిచూసుకుంటారు. చారలు సన్నబడుతూ పోయి పాప ఎటూ చూడకుండా ఆగిపోయిన చోట చూపు కొలత దొరుకుతుంది. ఆరు నెలల్లోపు పిల్లలకి 38 సెం.మీ. దూరంలో, ఆ పైన మూడేళ్ళ దాకా 55 సెం.మీ. దూరంలో పట్టాలి. దూరం తప్పితే లెక్కంతా తప్పే.

పవర్ తేల్చేది మాత్రం కంటి బిగింపు వదిలించే మందు వేశాకే. పసిపిల్లలకి ఒక్కోసారి చుక్కల బదులు అట్రోపిన్ 1 శాతం ఆయింట్‌మెంట్ మూడు రోజులు పెట్టమంటారు, బియ్యపుగింజంత చాలు. ముఖం ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆపేసి ఫోన్ చెయ్యండి. వారం పది రోజులు కంటిపాప పెద్దగానే ఉంటుంది, ఎండ పడదు, చూపేమీ పోలేదు. తర్వాత రెటినోస్కోప్ అనే చేతి పరికరం వెలుతుర్ని కంటి మీద అడ్డంగా ఆడించి, లోపలి మెరుపు ఎటు కదులుతోందో చూస్తూ ఒక్కో అద్దం అడ్డుపెడతారు. అర మీటరు దూరంలో ప్లస్ 5 అద్దంతో మెరుపు కదలిక ఆగితే, దూరానికి 2 తీసేసి ప్లస్ 3 అని లెక్క. అట్రోపిన్ వేసిన కంటికి ఇంకొంచెం తగ్గిస్తారు. ఈ వయసులో ప్లస్ 2 ఉందంటే కంగారు పడకండి. పుట్టినప్పుడు కన్ను పొడవు 17 మి.మీ., పెద్దయ్యాక 23, 24. పెరిగే కొద్దీ ప్లస్ తగ్గుతూ వస్తుంది.

కళ్ళద్దాల షాపులో "కంప్యూటర్ టెస్ట్" సంగతి కూడా చెప్పాలి. మందు వెయ్యకుండా మెషీన్ ముందు కూర్చోబెడితే పిల్ల లోపలి బొమ్మని చూస్తూ కన్ను బిగిస్తుంది, లేని మైనస్ వస్తుంది. ఆ చీటీతో అద్దాలు చేయించేస్తారు. మందు వేసి చూస్తే అదే పిల్లకి ప్లస్ వస్తుంది. క్యారెట్ రసం, మునగాకు, పొన్నగంటికూర రేచీకటి రాకుండా మంచివే. పవర్ తగ్గించవు.

బడి పరీక్షల్లో ఇంకో గొడవ. అరచేత్తో కన్ను మూసుకోమంటారు, పిల్లలు వేళ్ళ సందుల్లోంచి చదివేస్తారు, కార్డులో 6/6, అంటే చూపు పూర్తిగా ఉందని, పడిపోతుంది. అంటించే పట్టీ అయినా, మడిచిన గుడ్డ అయినా వాడాలి. మూడేళ్ళ పిల్లకి అక్షరాలక్కర్లేదు. ఇల్లు, యాపిల్, చతురస్రం, వృత్తం ఉన్న చార్టు ఎదురుగా పెట్టి, ఒళ్ళో ఉన్న కార్డులో అదే బొమ్మ చూపించమంటే చాలు. మూడేళ్ళకి 6/15, నాలుగేళ్ళకి 6/12 వస్తే ఫరవాలేదు, రెండు కళ్ళ మధ్య రెండు వరసల తేడా మాత్రం ఉండకూడదు.

పట్టీ వైద్యం అవసరమైతే పట్టీ మంచి కంటికి వెయ్యాలి, బలహీనమైనదానికి కాదు. ఓ మోస్తరు లేజీ ఐకి రోజుకి 2 గంటలు చాలని అమెరికాలో చేసిన పరీక్షల్లో తేలింది. అద్దం మీద కాకుండా చర్మానికే అంటించాలి, మన ఉక్కకి ఊడిపోతుంది కాబట్టి చెమట తుడిచి వెయ్యండి. ఏడేళ్ళలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

మీ పాప 34 వారాల లోపు గానీ, 2 కిలోల లోపు బరువుతో గానీ పుట్టి ఉంటే అది వేరే కథ, నెల రోజుల్లోపే రెటీనా (కంటి లోపలి తెర) చూపించాల్సింది. అప్పట్లో చూపించి ఉండకపోతే వెళ్ళగానే మొదట అదే చెప్పండి.

ఎక్కడికంటారా, అంగన్‌వాడీకి వచ్చే ఆర్బీఎస్కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పరీక్షల) బృందానికి చెబితే జిల్లా ఆసుపత్రికి రాసి పంపుతారు, ఖర్చుండదు. పిల్లల కళ్ళ విభాగం విడిగా ఉన్నచోటే కావాలనుకుంటే వైజాగ్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. విజయనగరం మీదుగా వెళ్ళే బస్సులో ఆర్టీసీ కాంప్లెక్సు దాకా పోనక్కర్లేదు, హనుమంతవాకలో దిగండి. అక్కడ చుక్కల మందు వేస్తే గంటైనా కూర్చోవాలి, పాలసీసా, దళసరి గుడ్డ టోపీ, పాప ఫొటోలున్న ఫోను, పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం పట్టుకెళ్ళండి. కాటుక ఆ రోజు పెట్టకండి.