పగడాల ఫోటోలు నీలంగా రావడానికి కారణం

సముద్రంలో 12 మీటర్ల లోతులో ఎర్ర పగడాలను ఫోటో తీస్తే అవి నీలంగా రావడం కెమెరా లోపం కాదు. నీరు ఎరుపు కాంతిని మొదటి కొన్ని మీటర్లలోనే చాలావరకు పీల్చేసుకుంటుంది.

1. కెమెరాలో రంగులను సరిచేసే అమరిక అయిన వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చండి.

2. ఫోటో తీసే లోతులోనే, ఎండ మీ వెనుక నుంచి పడేలా నిలిచి, తెల్లని పలకను చూపించి రంగు సరిచేయండి. చాలామంది పడవ మీదే ఒకసారి సరిచేసి వదిలేస్తారు; కానీ రెండు మూడు మీటర్లు దిగినా, పైకి వచ్చినా కాంతి మారుతుంది గనుక ప్రతిసారీ మళ్లీ చేయవలసిందే.

3. మరీ లోతైన చోట సరిచేయడానికి ఎరుపే మిగలదు. అక్కడ స్ట్రోబ్ (నీటిలో వాడే ఫ్లాష్ లైటు) వాడి, మీటరు లోపలి దూరం నుంచి తీయండి. ఫిన్ (ఈతకు కాలికి తొడిగే రెక్క) తగిలితే పగడం విరుగుతుంది, కాబట్టి కదలకుండా తేలుతూ నిలవలేని చోట ఆ ఫోటో వదులుకోండి.