ఎనిమిది నెలలు గ్యాస్ బిళ్లలు.. ఇప్పుడు క్యాన్సర్ అంటున్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఎనిమిది నెలలుగా గ్యాస్ బిళ్లలు వాడారు. బరువు తగ్గి నీరసపడితే ఎండోస్కోపీ చేయించాం. జీర్ణాశయం కింది భాగంలో పుండు ఉంది, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. లాపరోస్కోపీ చేయొచ్చన్నారు. పొట్ట పెద్దగా కోయకుండా క్యాన్సర్ మొత్తం తీయగలరా? ఆషాఢం వెళ్లాక చేయించుకుంటానంటున్నారు.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: కోత సంగతి తర్వాత. మీరు సీటీ స్కాన్ ఊసే ఎత్తలేదు. జబ్బు గోడలో ఎంత లోతుకు దిగిందో, లింఫ్ గ్రంథులకో కాలేయానికో పాకిందో చూడకుండా ఆపరేషన్ నిర్ణయించకూడదు. పొట్ట లోపలి పొర మీద ఆవగింజలంత గడ్డలుంటే స్కాన్‌కు దొరక్కపోవచ్చు. అందుకే కొందరికి ముందుగా పొట్టకు చిన్న రంధ్రం చేసి, కెమెరా పెట్టి చూస్తాం. లోతుకు దిగిన క్యాన్సరైతే, ఒంట్లో శక్తి ఉన్నవారికి చాలావరకు ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో ఉంటాయి.

లాపరోస్కోపీ మంచిదే. కింది భాగం క్యాన్సర్లలో, చేయి తిరిగిన సర్జన్లు చేస్తే ఫలితం ఓపెన్ ఆపరేషన్‌కు తీసిపోదని కొరియా, చైనా పరిశోధనల్లో తేలింది. నొప్పి తక్కువ, త్వరగా లేచి తిరుగుతారు. అయితే లోపల తీసేది ఓపెన్‌లో తీసినంతే ఉంటుంది. తీసిన భాగాన్ని బయటికి తేవడానికి చిన్న కోతా తప్పదు. గ్రంథులను డీ2 పద్ధతిలో, అంటే జీర్ణాశయాన్ని ఆనుకుని ఉన్నవాటితో పాటు దానికి రక్తం తెచ్చే నాళాల వెంట ఉన్నవీ తీస్తారా అని మీ సర్జన్‌ను అడగండి. పాథాలజీలో కనీసం 16 గ్రంథులైనా పరీక్షించాలి. మధ్యలో ఓపెన్‌కు మారాల్సి వస్తే అది ఫెయిల్యూర్ కాదు, ముందుజాగ్రత్తే.

నాకు బాధ కలిగించింది ఆ ఎనిమిది నెలలు. పాంటప్రజోల్ లాంటి గ్యాస్ మందులతో మంట తగ్గుతుంది, క్యాన్సర్ పుండు సైతం పైపైన మానినట్టు కనిపించవచ్చు. లోపల జబ్బు దాని పని అది చేసుకుపోతుంది. మెడికల్ షాపులో స్ట్రిప్ మీద స్ట్రిప్ కొనిచ్చేటప్పుడు ఇంట్లో ఒక్కరైనా ఆపాల్సింది కదా! యాభై దాటాక కొత్తగా మంట మొదలైనా, నాలుగు ముద్దలకే కడుపు నిండినా, రక్తం తగ్గినా ఎండోస్కోపీ చేయించాలి. మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలాగే బిళ్లలతో నెట్టుకొస్తున్నారేమో కనుక్కోండి.

ఆషాఢం కోసం ఆగొద్దు. స్కాన్ ఈ వారంలోనే చేయించండి, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. రిపోర్టులు నేను చూడలేదు కాబట్టి చికిత్స విషయంలో మీ డాక్టర్లదే తుది మాట. ఈలోగా ఒళ్లునొప్పులకని పెయిన్ కిల్లర్లు సొంతంగా వేయకండి. విరేచనం తారులా నల్లగా అయినా, తిన్నది నిలవకుండా వాంతులవుతున్నా ఓపీ టైమ్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.