మీ నాన్న చొక్కా జేబులో ఆ కార్డు పెట్టు

చిరంజీవి శ్రావ్యకి మావయ్య ఆశీస్సులు.

అక్కయ్య ఫోన్ చేసింది. "పిల్ల మమ్మల్ని బ్యాంకాక్ తీసుకెళ్తోందిరా, డుసిట్ థానీలో గదులు బుక్ చేసిందట" అని మురిసిపోయి, మరుక్షణమే "రాత్రికి ఎంతో అడిగితే మాట దాటేస్తోంది" అని గొణిగింది. నాకు ఒక పక్క గర్వం, ఇంకో పక్క దిగులు. రంగురాళ్ళ వ్యాపారం చేసినన్నాళ్ళూ సీలోమ్ రోడ్డులో ఆ హోటల్ ముందు నుంచే తిరిగాను. 1970లో తెరిచినప్పుడు బ్యాంకాక్ మొత్తానికి అదే ఎత్తైన భవనం. నెత్తిన బంగారు రంగు శిఖరం. దారి తప్పితే ముందు దాని కోసమే చూసేవాళ్ళం. 2019 జనవరిలో మూసేసి పడగొడితే, సొంత వీధిలో ఇల్లు పోయినట్టు అనిపించింది. 2024 సెప్టెంబరులో అదే స్థలంలో 39 అంతస్తులతో కొత్తది తెరిచారు. శిఖరాన్ని మాత్రం వదల్లేదు, కొత్త భవనం మీదా నిలబెట్టారు. దాని కింద మా అక్కయ్యని పడుకోబెడుతున్నావు. సంతోషం తల్లీ.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. డిజిటల్ అరైవల్ కార్డు, అంటే ఆ దేశంలోకి వచ్చేవాళ్ళ వివరాల ఫారం, అక్కడ దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపు ముగ్గురికీ ఆన్‌లైన్‌లో నింపు. 2025 మే 1 నుంచి అది తప్పనిసరి. పైసా ఖర్చు లేదు, డబ్బు అడిగే సైటు ఏదైనా మోసమే. మీ ఆఫీసు పిల్లలు ఎవరైనా వేప్, అదే ఈ-సిగరెట్, ఇచ్చి పంపితే తీసుకెళ్ళకు, థాయ్‌లాండ్‌లో నిషేధం. ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ అయితే మీటరు వెయ్యమను. మీటరు మీద ఎయిర్‌పోర్టు చార్జీ, టోల్ వేరే కట్టాలి, అది మోసం కాదు. హోటల్లో పాస్‌పోర్టులు అడిగితే మీ నాన్న "ఎందుకివ్వాలి" అని మొదలుపెడతారు. విదేశీయులు ఎవరు దిగినా 24 గంటల్లోగా ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలని అక్కడి చట్టం. స్కాన్ చేసుకోగానే తీసేసుకో.

ఇప్పుడు తిట్లు. అన్నిటికంటే పై అంతస్తు ఇమ్మని హోటల్‌కి మెయిల్ పెట్టావట. ఎందుకమ్మా? ఆ హోటల్లో ప్రతి గదీ లుంపినీ పార్క్ వైపే చూస్తుంది. కింది అంతస్తుల నుంచి చెట్లు చెట్లలా కనిపిస్తాయి, పై నుంచి పచ్చ తివాచీ కనిపిస్తుంది, అంతే తేడా. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వస్తే, దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యాంకాక్ ఊగిపోయింది. ఆ ఊరి కింద ఉన్నదంతా మెత్తటి బంకమట్టి. దూరం నుంచి వచ్చిన నెమ్మది కదలికలు అందులో పెద్దవై, ఎత్తైన మేడల్నే ఎక్కువ ఊపుతాయి. మేడల మీది స్విమ్మింగ్ పూల్స్‌లో నీళ్ళు అంచు దాటి కిందకి దూకడం నువ్వూ ఫోన్‌లో చూసే ఉంటావు. జనం మెట్ల మీదుగానే దిగారు. అక్కయ్య మోకాళ్ళతో ముప్పై అంతస్తులు దిగడం ఊహించుకో. ఈ రోజే ఇంకో మెయిల్ పెట్టు, వీలైనంత కింది అంతస్తు ఇమ్మని.

గదిలో సామాను పెట్టగానే, ఫొటోలు తీయకముందే, నువ్వూ బావగారూ కారిడార్‌లోకి వెళ్ళి మీ తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో చేత్తో తాకుతూ లెక్కపెట్టండి. పొగలో కళ్ళు పనిచేయవు, చెయ్యి పనిచేస్తుంది. మెట్ల తలుపు తోసి చూడు. ఒక కాలు గుమ్మంలోనే ఉంచు, కొన్నిచోట్ల అది వెనకాల మూసుకుంటే మళ్ళీ లోపలికి రానివ్వదు, కింద దాకా దిగాల్సిందే. 1997 జులైలో పటాయాలో రాయల్ జామ్‌టియన్ రిసార్ట్ తగలబడితే 91 మంది చనిపోయారు. బయటికి పోయే తలుపులకి గొలుసులు వేసి ఉన్నాయి. అప్పట్నుంచి నేను ఎక్కడ దిగినా ఆ తలుపు తోయనిదే పడుకోను. మీ అత్తయ్య నవ్వుతుంది. నవ్వనీ.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మీ నాన్న. ఈ కథ ఆయన నీకు చెప్పి ఉండరు. అక్కయ్యకైతే అసలే తెలియదు, కాబట్టి దీన్ని ఇంట్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకు.

నువ్వు స్కూల్లో చదువుకునే రోజులు. బ్యాంకాక్‌లో స్కై ట్రెయిన్ వచ్చి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. బావగారు చూడాలని ఉందంటే నాతో తీసుకెళ్ళాను. సుఖుమ్‌విత్ రోడ్డు సోయ్ 22లో, అంటే 22వ సందులో, కొత్తగా తెరిచిన హోటల్లో దిగాం. కొత్తది కాబట్టి రేటు తగ్గించారు. మర్నాడు మధ్యాహ్నం మహేసక్ రోడ్డులో నేను కెంపులు చూస్తున్నాను. కిటికీ పక్కన తెల్ల కాగితం మీద రాళ్ళు పోసి, పట్టకారుతో ఒక్కొక్కటీ వెలుతురుకి తిప్పి చూడాలి. గంటలు పడుతుంది. బావగారికి ఆవలింతలు. "నువ్వు కానీయ్, నేను గదికి పోయి నడుం వాలుస్తా" అని లేచారు.

టాక్సీ ఎక్కి "హోటల్, సోయ్ ట్వెంటీటూ" అన్నారు. అంతే అన్నారు. అక్కడ ప్రతి పెద్ద రోడ్డుకీ దాని సందులు దానికే ఉంటాయి. ఒక పక్క బేసి సంఖ్యలు, రెండో పక్క సరి సంఖ్యలు. సుఖుమ్‌విత్‌కి ఒక 22, చరోన్ క్రుంగ్‌కి ఇంకో 22. మహేసక్‌కి దగ్గర్లో ఉన్నది చరోన్ క్రుంగ్. అందుకని టాక్సీ అతను శుభ్రంగా అక్కడికే తీసుకెళ్ళాడు.

అది తలాత్ నోయి, పాత చైనా పేట. ఇళ్ళ గుమ్మాల దాకా పాత కారు ఇంజన్లు, గేరుబాక్సులు గుట్టలుగా పోసి ఉంటాయి, నేలంతా గ్రీజు. బావగారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో దిగి, టాక్సీని పంపించేసి, తలెత్తి అద్దాల మేడ కోసం చూశారు. ఫోన్ గదిలో చార్జింగ్‌లో ఉంది. జేబులో గది కార్డు ఒక్కటే. గది కార్డు మీద గది నంబరు వేయరు, పోగొట్టుకుంటే దొంగకి దారి చూపినట్టవుతుందని. ఆ కార్డు మీద హోటల్ బొమ్మ తప్ప అడ్రసు కూడా లేదు. పాత హోటల్ అయితే ఆ బొమ్మని ఎవరో ఒకరు గుర్తుపట్టేవారు. ఒక మెకానిక్ చెయ్యి తుడుచుకుని కార్డు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నవ్వి తిరిగి ఇచ్చేశాడట. హోటల్ పేరు చెప్పొచ్చు కదా అంటావా? మూడు మాటల ఇంగ్లీషు పేరు. ఆయనకి గుర్తున్నవి "గ్రాండ్", "ప్లేస్". బ్యాంకాక్‌లో సగం హోటళ్ళవి అవే పేర్లు.

చివరికి ఒక టుక్‌టుక్ అతను మనిషిని చూసి, ఇండియా ఆయన అనుకుని, పాహురత్‌లో దింపాడు. మన బట్టల వ్యాపారులుండే బజారు, గురుద్వారా కూడా ఉంది. ఒక సర్దార్‌జీ కొట్లో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, బావగారి హిందీని ఓపిగ్గా విన్నాడు. డైరెక్టరీలో వెతికితే కొత్త హోటల్ కాబట్టి అందులో లేదు. అప్పుడు ఆయన సరైన ప్రశ్న అడిగాడు: "హోటల్ బయటికొస్తే ఏం కనిపిస్తుంది?" పక్కన చెరువున్న పార్కు, కాస్త ముందుకెళ్తే ఫ్రోమ్ ఫోంగ్ స్టేషన్ అని బావగారు చెప్పారు. ఆ పేరు విని పొద్దున్నే నవ్వుకున్నారట, అందుకే గుర్తుంది. కొట్టు కుర్రాణ్ణి తోడిచ్చి టాక్సీ ఎక్కించాడు సర్దార్‌జీ.

ఈలోగా నేను గదికొచ్చాను. ఆయన లేరు. రిసెప్షన్‌లో ఉన్న పిల్లలు ఉద్యోగంలో చేరి పట్టుమని పది రోజులు కాలేదు. చక్కగా చేతులు జోడిస్తారు, నవ్వుతారు, ఏం చేయాలో వాళ్ళకీ తెలియదు. టూరిస్ట్ పోలీసు నంబరు 1155 అని నాకు తర్వాత ఎవరో చెప్పారు, నువ్వు ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకో. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి అక్కయ్య ఫోన్. "మీ బావ ఏరీ?" "స్నానం చేస్తున్నారక్కా." అరగంట ఆగి మళ్ళీ ఫోన్. "ఇంకా స్నానమేనా?" నా కాళ్ళు వణుకుతున్నాయి. చీకటి పడ్డాక, సుఖుమ్‌విత్ ట్రాఫిక్ దాటుకుని, మోచేతికి గ్రీజుతో, చేతిలో బట్టల కొట్టు కవరుతో బావగారు దిగారు. నన్ను చూసి "భోంచేద్దామా?" అన్నారు. అక్కయ్య పెళ్ళిళ్ళకి కట్టే ఆ ఊదా రంగు పట్టు ఉందే, "బావ ఎంత వెతికి తెచ్చారో" అంటుందే, అది ఆ రోజు సర్దార్‌జీ కొట్లో మొహమాటానికి కొన్నది.

నువ్వు దిగేది ఊరందరికీ తెలిసిన పేరు కదా అనుకోకు. డుసిట్ అనేది బ్యాంకాక్‌లో ఒక పేట కూడా, పాత ఊరికి ఉత్తరాన రాజభవనాలు, ప్రభుత్వ కార్యాలయాలు ఉండే వైపు. మీ నాన్న టాక్సీలో "డుసిట్" అని ఊరుకున్నారంటే, ఆ డ్రైవరు ఆయన్ని నిశ్చింతగా అక్కడ దింపుతాడు. పైగా ఇప్పుడు ఆ హోటల్ ఆవరణలోనే మాల్, ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు అన్నీ ఉన్నాయి. కౌంటర్‌లో థాయ్ అక్షరాల్లో అడ్రసున్న కార్డులు అడిగి తీసుకో. ఒకటి బావగారి చొక్కా జేబులో, ఇంకోటి అక్కయ్య హ్యాండ్‌బ్యాగులో. చొక్కా మార్చినప్పుడల్లా కార్డు మారిందో లేదో నువ్వే చూడు. సాలా డేంగ్ స్టేషన్, రామా 4 రోడ్డు, లుంపినీ పార్క్ ఎదురుగా అని ఆయన చేత వల్లె వేయించు. విసుక్కుంటే సోయ్ ట్వెంటీటూ అను, నోరు మెదపరు.

అక్కయ్య సంగతి. ఇన్సులిన్ మినీబార్‌లో పెట్టొద్దు. ఆ ఫ్రిజ్ సరిగ్గా చల్లబడదు, కొన్నిచోట్ల సీసా కదిపితే చాలు బిల్లులో పడుతుంది. మందుల కోసం వేరే చిన్న ఫ్రిజ్ ఇమ్మని ముందే రాస్తే పెద్ద హోటళ్ళు ఇస్తాయి. గదులు పక్కపక్కన ఇమ్మంటే సరిపోదు, మధ్యలో తలుపున్న కనెక్టింగ్ గదులే కావాలని రాయి. బాత్‌రూమ్ పాలరాయి తడిస్తే జారుతుంది, మ్యాట్ అడుగు, టబ్‌లోకి దిగనివ్వకు. లిఫ్టులో కార్డు ఆనిస్తేనే అంతస్తు బటన్ పనిచేస్తుంది, ఇద్దరికీ చూపించు. కూరగాయల వంటకమన్నా అందులో చేపల సాస్ పడుతుంది. "జే" అని అడిగితే మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏమీ ఉండవు. మన మడి వంటకి దగ్గరే, అక్కయ్యకి నచ్చుతుంది.

పొద్దున్నే పార్కుకి తీసుకెళ్ళు. అక్కడ చెరువు గట్టున ఉడుములు, మనిషంత పొడవున్నవి, తాపీగా తిరుగుతుంటాయి. ఏమీ చెయ్యవు, కానీ అక్కయ్యకి ముందే చెప్పి తీసుకెళ్ళు. ఎనిమిదింటికి జాతీయ గీతం వేస్తారు, పరిగెత్తేవాళ్ళు కూడా ఉన్నచోటే ఆగిపోతారు. మీరూ ఆగండి.

డబ్బు విషయానికొస్తే, మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, సర్వీసు చార్జీ 10 శాతం, దాని మీద పన్ను 7 శాతం అదనం. వెయ్యి బాత్‌ల భోజనం 1,177 అవుతుంది. చెక్ ఇన్‌లో డిపాజిట్ అంటారు, క్రెడిట్ కార్డే ఇవ్వు. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు తిరిగి ఖాతాలో పడేదాకా టెన్షన్. కాగితం బిల్లు గదికి పంపొద్దని, మెయిల్‌కే పంపమని ముందే చెప్పు. తలుపు కింద నుంచి తోస్తే ముందు అందుకునేది బావగారే, ఆ మిగతా రోజులన్నీ కాఫీ కూడా తాగరు.

ఫ్లైట్ నంబరు వాట్సాప్ చెయ్యి. గది దొరికాక అంతస్తు ఎంతో కూడా పెట్టు.

ఆశీస్సులతో,
మావయ్య